తాతబ్బాయి దాచిన మాట

కాకులు లేవకముందే తాతబ్బాయి రెండు కుండల మంచినీళ్ళు తెచ్చి పోలమ్మ గుమ్మం పక్కన దించేవాడు. కుండల మీద మూకుళ్ళు బోర్లించి, దగ్గు వస్తున్నా ఆపుకుని, చప్పుడు కాకుండా రేవుకు వెళ్ళిపోయేవాడు. ఎదుర్లంకలో నీళ్ళకు కొదవ లేదు, ఎదురుగా గోదారి పాయ గౌతమే ఉంది. కాని సముద్రం దగ్గర కావడంచేత ఎండాకాలంలో పోటుతోపాటు ఉప్పు పైకి ఎక్కివస్తుంది. ఆ నీళ్ళు నోట పొయ్యడానికి పనికిరావు. తియ్యటి నీళ్ళు కావాలంటే ఎగువకు కోసెడు దూరం పోయి, ఇసుకలో చెలమ తీసి, ఊరినదాకా కూర్చోవాలి. తాతబ్బాయి తన పడవ మీద పోయి తెచ్చేవాడు. ముందు ఆ గుమ్మంలో రెండు కుండలు దించి, తరవాత తన ఇంట్లో ఒక కుండ ఇచ్చి, అప్పుడు గోదారమ్మకు దణ్ణం పెట్టుకుని దాటింపు మొదలుపెట్టేవాడు. వానాకాలం వచ్చి ఏరు ఎర్రబడి, నీళ్ళు తియ్యనయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. అలా అయిదేళ్ళు.

ఊళ్ళో ఆడవాళ్ళు తోడబుట్టినవాడైనా ఇంత చెయ్యడని చెప్పుకునేవారు. మొగుడు పోయిన ఆడకూతురు, పిల్లా జెల్లా లేని మనిషి, కొబ్బరిపీచు తాళ్ళు పేనుకుని బతుకుతోంది. ఆమె దాహం చూసే పుణ్యాత్ముడు తాతబ్బాయి ఒక్కడే అనేవారు. మురమళ్ళ వీరేశ్వరస్వామి కల్యాణానికి పోతే పూజారిగారు పదిమందిలో అతన్ని దగ్గరికి పిలిచి, చేతిలో కొబ్బరిచెక్క పెట్టి, నీ కడుపు చల్లగా ఉంటుందిరా అని దీవించేరు. తాతబ్బాయి తల వంచుకుని వచ్చేశాడు. ఎంత వినయమో చూడండి అన్నారు జనం. ఆ కొబ్బరిచెక్క అతను తినలేదు. ఏట్లో వదిలేశాడు.

ఆ రేవు ఎలాంటిదో కొంచెం చెప్పుకోవాలి. ఇవతలి ఒడ్డు కుంపిణీ దొరల రాజ్యం. అవతలి ఒడ్డున కనబడే యానాం పరాసు దొరల, అంటే ఫ్రెంచివాళ్ళ రాజ్యం. ఇక్కడి తలారికి అక్కడ అధికారం లేదు, అక్కడి జవాను ఇక్కడ చెయ్యెత్తడానికి లేదు. పిల్లనిచ్చిన ఇల్లు ఒక ఒడ్డున, పుట్టిల్లు ఒక ఒడ్డున ఉన్నవాళ్ళు ఎందరో. ఒడ్డు మారితే దొర మారతాడు గాని చుట్టం మారడు కదా అని వాళ్ళు పొద్దున పోయి మాపటికి వచ్చేవారు. కుంపిణీ బంట్రోతులు తరుముతుంటే పడవెక్కినవాడు సగం ఏరు దాటేదాకా ఒంగి కూర్చునేవాడు. సగం దాటాక లేచి, వెనక్కి తిరిగి, తీరిగ్గా చుట్ట ముట్టించుకునేవాడు.

తాతబ్బాయి పడవలో తండ్రి నాటినుంచి ఒక కట్టుబాటు ఉంది. ఎక్కినవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. బయలుదేరిన మనిషిని అలా అడిగితే తలపెట్టిన పని చెడుతుందని ఇళ్ళల్లో అందరూ అనేదే. దాటింపువాళ్ళకు అది మరీ గట్టి నియమం. పెళ్ళికి పోనీ, చావుకు పోనీ, మనం ఒడ్డు చేర్చడం వరకే. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళే చెప్తారని తండ్రి చెప్పేవాడు. తాతబ్బాయి ఆ మాట వేదంలా పాటించేడు.

పోలమ్మ మొగుడు వెంకన్న వలకట్టు వేసి చేపలు పట్టేవాడు. పోలమ్మ తాతబ్బాయిని అన్నయ్యా అని పిలిచేది గనక వెంకన్న అతన్ని బావా అనేవాడు. ఇద్దరికీ ఒక్క చుట్ట సగం సగం కాల్చుకునేంత చనువు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని సాగుతున్న రోజుల్లో, ఒక జ్యేష్ఠమాసం పొద్దున, వెంకన్న చేపలు ఎండేసుకోవడానికి పర్ర చవిటినేలలో గంపెడు ఉప్పుమన్ను గీకి తెచ్చుకున్నాడు. ఉప్పంతా కుంపిణీదే, చిటికెడు మన్ను గీకినా దొంగతనమే ఆ రోజుల్లో. ఇద్దరు ఉప్పు బంట్రోతులు గట్టు మీద పట్టుకుని, గంప తన్నేసి, అతన్నీ తన్నేరు. వెంకన్న చేతిలో ఉన్న తెడ్డు ఊరుకోలేదు. ఒక బంట్రోతు తల పగిలింది. వెంకన్న రేవుకు పరుగెత్తుకొచ్చి, ఎవరి కంటా పడకముందే పడవలో దూకేడు. పోలమ్మ అప్పుడు చేపలగంపతో మురమళ్ళలో ఉంది.

నడి ఏట్లోకి వచ్చాక కూడా వెంకన్న లేవకుండా ఒంగే కూర్చున్నాడు. తనకేం భయం లేదు, పోలమ్మను ఠాణాకు ఈడుస్తారేమో అన్నాడు. నిజమే, మనిషి దొరకకపోతే ఇంటి మీద పడతారు. తాతబ్బాయి గెడ ఆపి ఒక నిమిషం ఆలోచించేడు. ఆ ఆలోచన ఎందుకొచ్చిందా అని తరవాత ఎన్ని వేలసార్లు అనుకున్నాడో లెక్క లేదు.

"నీ తలగుడ్డా, ఆ తెడ్డూ నా దగ్గర వదిలేసి పో. మొసలిమడుగు దగ్గర బురదలో పడేస్తాను. మొసలి లాక్కుపోయిందనుకుని వాళ్ళదారిన వాళ్ళు పోతారు. నువ్వు యానాంలో మా మేనత్త ఇంట్లో ఉండు. నాలుగు రోజులు పోయాక పోలమ్మకు చెప్పి, తీసుకొచ్చి నీకు అప్పజెప్తాను."

వెంకన్న మొహాన అప్పుడు నవ్వొచ్చింది. "బతికుండగానే దినం చేసేస్తున్నావా బావా?"

"చేస్తే నీకేం పోయింది? గారెలు మేం తింటాం."

ఇద్దరూ నవ్వుకున్నారు.

యానాం ఒడ్డున దిగి వెంకన్న గట్టెక్కుతుంటే, ఎర్ర తలపాగా మనిషి ఒకడు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వాడెవడో పడవలవాళ్ళందరికీ తెలుసు. తియ్యగా మాట్లాడి, కడుపునిండా పెట్టి, సముద్రాల అవతల బుర్బోను దీవి చెరకుతోటలకు ఓడలెక్కించే మేస్త్రీ. ఇద్దరూ మాట్లాడుకుంటూ మేనత్త ఇంటి దారి కాక రెండో దారి పట్టేరు. ఎక్కడికిరా అన్న మాట తాతబ్బాయి నాలిక చివరిదాకా వచ్చింది. పోయేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు. ఆ మాట మింగేసి పడవ తిప్పుకున్నాడు.

తలగుడ్డ పని చేసింది. బంట్రోతులు బురదలో దాన్ని కర్రతో ఎత్తి చూసి, తూ అని ఉమ్మి, వెళ్ళిపోయారు. మురమళ్ళ నుంచి వచ్చిన పోలమ్మ ఆ బురదలోనే పడి దొర్లింది. పక్కనే బంట్రోతు, చుట్టూ జనం. రేపు చెబుదాం అనుకున్నాడు తాతబ్బాయి. మర్నాడు ఠాణా జవాను వచ్చి ఊళ్ళో మకాం పెట్టేడు. ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. నాలుగోనాడు యానాం వెళ్ళి మేనత్తనడిగితే, ఎవరూ రాలేదురా నాయనా అంది. రేవులో అడిగితే దీవికి పోయే ఓడ నిన్ననే తెరచాప ఎత్తి వెళ్ళిపోయిందన్నారు.

ఆ పూట తిరిగొస్తూ తాతబ్బాయి నడి ఏట్లో గెడ వదిలేసి కూర్చుండిపోయాడు. వెనక్కి తీసే పాటుకు పడవ ఎటు పోతోందో కూడా చూసుకోలేదు. ఇప్పుడు చెబితే పోలమ్మ ఊరుకోదు, ఠాణాకు పోయి మొత్తుకుంటుంది. దొంగను దాటించినందుకు, సర్కారును మోసం చేసినందుకు పడవ పోతుంది, తన కాళ్ళకు సంకెళ్ళు పడతాయి. ఇంట్లో ముగ్గురు పిల్లలు. దీవికి పోయినవాడు తిరిగొచ్చిన దాఖలా అప్పటికి ఒక్కటీ లేదు. వాడు పోయినవాడి కిందే లెక్క అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పదోరోజున ఏటి ఒడ్డున పోలమ్మ చేతి గాజులు చితక్కొట్టేరు. తాతబ్బాయి అన్న వరస గనక దగ్గరే నిలబడ్డాడు. విస్తట్లో గారె వేస్తే తినలేక, చేత్తో పట్టుకుని లేచి వచ్చేశాడు. మర్నాటి నుంచి నీళ్ళు మొయ్యడం మొదలుపెట్టేడు.

అలా మోస్తూ అయిదేళ్ళు గడిపాక, కుండలు చాలవనిపించింది. ఆమెను ఒక ఇంటిదాన్ని చేస్తే తన బరువు కొంత దిగుతుందేమో అనుకున్నాడు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. కాట్రేనికోనలో ముత్యాలరాజు అని, పెళ్ళాం గత్తర జబ్బుకు పోయి మూడేళ్ళైన మనిషి ఉన్నాడు. సొంత పడవ ఉంది, కొబ్బరికాయలు తోలుకుంటాడు. మాట మెత్తన. పడవలో ముసలివాళ్ళుంటే తన కండువా మడిచి కిందేసి కూర్చోపెట్టే మనిషి. తాతబ్బాయి తిరిగి తిరిగి, రెండు వైపులా పెద్దల్ని కూర్చోబెట్టి సంబంధం కుదిర్చేడు. ఒప్పుకోనిది పోలమ్మ ఒక్కతే. చివరికి ఒకనాడు ఆమే రేవుకు వచ్చింది.

"అన్నయ్యా, ఊళ్ళోవాళ్ళు చెప్పినమాట వేరు, నీ మాట వేరు. నువ్వు తెల్లారిలేస్తే ఏటి మీదుండే మనిషివి. మొసలి తిన్నవాడిదైనా ఒక ఎముకో ఏదో ఒడ్డుకు కొట్టుకొస్తాదంటారు. ఆయనది ఏదీ రాలేదు. నీ మనసుకు ఏం తోస్తోందో చెప్పు. ఉన్నాడంటావా?"

అంతవరకూ తాతబ్బాయి చెప్పవలసింది చెప్పలేదే గాని, అబద్ధం ఆడలేదు. ఆ పూట అదీ అయింది.

"లేడమ్మా" అన్నాడు.

నువ్వన్నావు గనక ఈ మనువుకు సరే అంది పోలమ్మ.

వైశాఖంలో ఒక గురువారానికి ముహూర్తం పెట్టేరు. ముత్యాలరాజు చీర కొన్నాడు. పోలమ్మ ఇంటి గోడలకు పేడ అలికి, ముగ్గు వేసుకుంది. ఆ ముగ్గు చూసిన రోజున తాతబ్బాయి అయిదేళ్ళలో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు.

ఆదివారం పొద్దున యానాం వైపు నుంచి ఒక మనిషి పడవెక్కేడు. నల్లగా కమిలిన మొహం, పొడుగు చొక్కా, నెత్తిన గడ్డిటోపీ, చేతిలో రేకుపెట్టె. కొత్తపేట దగ్గర పల్లెటూరతను, దీవి నుంచి నిన్ననే ఓడ దిగేడట. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తనే తాతబ్బాయి మొహం పరీక్షగా చూసి, ఎదుర్లంక దాటింపు తాతబ్బాయిగారు మీరేనాండి అన్నాడు.

"ఆయ్, నేనేనండి."

"మీ వెంకన్న నా పక్క గదిలోనే ఉండేవాడండి. చెరకు గానుగలో ఎడంచేతి వేళ్ళు రెండు పోయేయి. మనిషి బాగానే ఉన్నాడు లెండి. దెబ్బ తగిలి పడుకున్న రోజులన్నీ దొర అయిదేళ్ళ కూలి ఒప్పందానికి కలిపేసేడు, లేకపోతే ఈ ఓడకే వచ్చేసేవాడు. వచ్చే చైత్రానికి వస్తాడు."

తాతబ్బాయి చేతిలో గెడ నీళ్ళలో దిగిందో లేదో అతనికి తెలియలేదు. దీవి మనిషి చెప్పుకుపోతున్నాడు. పరాసు దొరలు కూడా పట్టి ఇచ్చేస్తారని బెదిరించి మేస్త్రీ ఆ పూటే వెంకన్నను కొట్టాంలో పెట్టేడట, ఓడ కదిలేదాకా బయటికి రానివ్వలేదట. ఒడ్డు చేరుతుంటే పెట్టె భుజాన ఎత్తుకుంటూ అన్నాడు: "ఆడమనిషికి కబురు చెప్పమన్నాడండి. మా బావ ఎప్పుడో చెప్పే ఉంటాడు, నాకోసం చూస్తూనే ఉంటది, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టమను అన్నాడు. నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి. అదుగో బళ్ళు కదిలిపోతున్నాయి. మీరు ఎలాగూ చెప్పేరు గదా, ఈ ముక్కా కలపండి."

తాతబ్బాయి ఆయ్ అన్నాడు. బళ్ళు కొబ్బరితోటల్లోకి పోయి కనుమరుగయ్యాయి.

ఇక ఆ సంగతి తెలిసినవాడు ఈ ఒడ్డున తనొక్కడే. నాలుగు రోజులు నోరు మూసుకుంటే పెళ్ళయిపోతుంది. అనుకున్నాడు, దాచడం ఎందుకు, ఆ మాట కూడా అనుకున్నాడు. ఏడాది తరవాత వెంకన్న పడవ దిగి గుమ్మం ముందు నిలబడితే, లోపల ఇంకొకరి పుస్తెతో పోలమ్మ ఉంటే అన్నది తలపుకు వచ్చేసరికి పడవ కట్టేసి గట్టు మీదే కూర్చున్నాడు.

ఆ వేళకు అతని భార్య చిన్నతల్లి చద్దన్నం మూకుడుతో రేవుకు వచ్చింది. మనిషి వాలకం చూసి మూకుడు కింద పెట్టింది. తాతబ్బాయి ఆమెకు మొత్తం చెప్పేశాడు, తలగుడ్డ దగ్గర నుంచి. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. అయిదేళ్ళు ఊరికే ఎవరూ నీళ్ళు మొయ్యరని తనకెప్పుడో తెలుసంది. ఏదో ఉందనుకుంది గాని, ఆడదానిగా తన మనసు ఇంకోవైపు పోయిందట. అందుకే అడగలేదట.

"పాపం అనేది కుండ నీళ్ళతో కడిగితే పోయేదైతే, ఏటి పక్కనున్నవాళ్ళం మనకెవరికీ ఉండకూడదు. లేచి వెళ్ళు. పడవ పోతే పోనీ. నేనూ తాళ్ళు పేనుతాను."

పోలమ్మ గుమ్మంలో కూర్చుని తాడు పేనుతోంది. అన్నయ్యా రా, మజ్జిగ తాగుదువుగాని అని లేవబోయింది. కూర్చోమన్నాడు. తను మాత్రం కూర్చోలేదు. గుంజ పట్టుకుని నిలబడి, నేల చూస్తూ, వెంకన్న బతికే ఉన్నాడమ్మా అని మొదలుపెట్టేడు. చెప్పినంతసేపూ ఆమె చేతులు పీచును నలుపుతూనే ఉన్నాయి గాని తాడు ముందుకు సాగలేదు. వేళ్ళు పోయిన సంగతి వచ్చినప్పుడు మాత్రం, ఏ చెయ్యి అని అడిగింది. ఎడంచెయ్యి అన్నాడు. అంతా అయ్యాక తలెత్తింది.

"నా గాజులు కొట్టేటప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నీ పక్కనే ఉన్నానమ్మా."

"మొన్న రేవులో, ఉన్నాడా అని అడిగేను."

"అడిగేవమ్మా. లేడన్నాను."

ఆమె ఒక్క కేక వేస్తే, చెప్పుతో కొడితే అతనికి తేలికయ్యేది. ఆ మేలు ఆమె చెయ్యలేదు. పీచు దులుపుకుని లేచి, మెల్లగా అంది.

"ఆయన్ని కాపాడదామనే చేశావు, కాదనను. తరవాతది మాత్రం నిన్ను కాపాడుకోడానికి చేశావు. చైత్రం వస్తే యానాం పోతాను, ఆయన దిగేచోట నిలబడతాను. నీ పడవ మాత్రం నేనెక్కను. ఈత వస్తే ఈదుకుంటూ పోదును."

లోపలికి పోయి తలుపు వేసుకుంది. అన్నయ్యా అన్న పిలుపు అతనికి మళ్ళీ వినబడలేదు.

మర్నాడు తాతబ్బాయి కులపెద్ద బుచ్చిరాజుగారి అరుగు ముందు నిలబడి పదిమందిలో చెప్పేశాడు. నిన్నటిదాకా పుణ్యాత్ముడన్న నోళ్ళే ఏమన్నాయో రాయనక్కర్లేదు. మాట ఊరు దాటి ఠాణాకు పోకూడదని, పోలమ్మ ముత్తయిదువేనని, ఏడాదిపాటు తాతబ్బాయి ఇంట ఎవరూ నిప్పు తీసుకోకూడదని పెద్దలు తీర్పు చెప్పేరు. తాతబ్బాయికి అది తక్కువే అనిపించింది. ఒక ముసలావిడ గాజుల మలారం తెచ్చి పోలమ్మ ముందు పెడితే, తొడిగేవాడు వస్తున్నాడు గదా, అప్పుడు చూద్దాం అందట.

ఇంక మిగిలింది ముత్యాలరాజు. ఆ కబురు వేరొకరి చేత పంపడం న్యాయం కాదని, బుధవారం ఎండలోనే తాతబ్బాయి కాట్రేనికోనకు నడిచి వెళ్ళేడు. ముత్యాలరాజు పడవ ఒడ్డుకు లాక్కుని, అడుగు పలకలకు కీలు, నల్లతారు, పూస్తున్నాడు. తాతబ్బాయి మొహం చూసి, ముందు మంచినీళ్ళిచ్చేడు, తాగినదాకా ఆగేడు. అంతా విన్నాక కీలుచట్టి కింద పెట్టి, చేతులు ఇసుకలో రుద్దుకున్నాడు.

"నాలుగు రోజులు ఆగి చెప్పుంటే నేనేమైపోయేవాణ్ణండి? చెప్పేరు, అంతే చాలు. ఆ చీర కూడా ఆవిడకే పంపించేస్తాను. మొగుడొచ్చిన రోజున కట్టుకుంటారు."

ఆ మాట తాతబ్బాయికి తిట్టుకంటే గట్టిగా తగిలింది. లేచి వెళ్ళవలసినవాడు వెళ్ళకుండా అక్కడే ఇసుకలో కూర్చున్నాడు. ముత్యాలరాజు మళ్ళీ పని అందుకున్నాడు. ఒక పలక పూర్తిచేసి, తలెత్తకుండానే, ఇంకా ఏదో ఉన్నట్టుందండి అన్నాడు.

"ఉందండి. అడగడానికి నాకు మొహం లేదు. పెళ్ళి చెడగొట్టినవాణ్ణి, మిమ్మల్ని అడగకూడదు గూడాను. కాని ఆవిడ నా పడవ ఎక్కదు. మా రేవులో దాటింపుకు ఉన్నది నాదొక్కటే. ఓడ ఏనాడొస్తుందో దేవుడికే తెలియాలి, చైత్రమంతా ఆవిడ మా రేవు గట్టు మీదే నిలబడి చూస్తూ ఉంటది. నేను కబురు పంపుతానండి. ఆ రోజున మీరు మీ పడవేసుకుని వచ్చి, ఆవిణ్ణి అవతలికి దాటించాలి. వచ్చేటప్పుడు ఇద్దరినీ ఎక్కించుకు రావాలి. నేను రేవులో ఉండను, ఎక్కడికైనా పోతాను. ఈ ఒక్క ఉపకారం చేసిపెట్టండి బాబూ."